ఖరీదైన హెడ్‌ఫోన్‌లో పాడేవారి గొంతు వినబడకపోతే

సమస్య: కొత్తగా కొన్న మంచి హెడ్‌ఫోన్‌ను మ్యూజిక్ ప్లేయర్‌కు పెడితే వాయిద్యాలు వినబడుతున్నాయి గానీ, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టు అడుగున పడిపోతోంది.

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల దుకాణాలకు ఈ ఫిర్యాదుతో వచ్చేవారిలో చాలామంది, హెడ్‌ఫోన్‌లోనే లోపమని ముందే తేల్చుకుని మార్చి ఇమ్మని అడుగుతారు. పిన్ను చివరిదాకా దిగిందో లేదో చూసినవారు అరుదు. దయచేసి ముందు అది చూడండి.

కారణం: 3.5 మిల్లీమీటర్ల పిన్ను కొన ఎడమ చెవికి, తర్వాతి పట్టీ కుడి చెవికి, మొదలు రెండింటికీ ఉమ్మడి ఎర్తుకు, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారికి, పనిచేస్తాయి. ఎర్తు అందకపోతే రెండు వైపుల శబ్దాల మధ్య ఉన్న తేడా మాత్రమే మోగుతుంది. పాటలో గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా కలుపుతారు కనుక అది రద్దయిపోయి, ఒక పక్కకు ఉన్న వాయిద్యాలు మిగులుతాయి. ప్లేయర్ మందపాటి కవరు పిన్నును అడ్డుకున్నా, జేబులోని నూగు జాక్ (పిన్ను దూరే రంధ్రం) అడుగున గట్టిపడినా ఇదే జరుగుతుంది; పత్తి తీసే రోజుల్లో మన జిల్లాలో జేబులో పోగులు చేరడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు.

ఇంతకంటే మోసం చేసేది మైకు ఉన్న తీగ. పిన్ను మీది నల్ల గీతలను లెక్కించండి. రెండు ఉంటే మామూలు తీగ, మూడు ఉంటే మైకుది. పాత ప్లేయర్లలో కొన్నింటి జాక్, మైకు పట్టీనే ఎర్తుగా తీసుకుంటుంది. పిన్ను పూర్తిగా దిగినా గొంతు పోతుంది. పాట మోగుతుండగా మైకు బటన్‌ను నొక్కిపట్టండి. గొంతు ఒక్కసారిగా తిరిగి వస్తే కారణం ఇదే.

పరిష్కారం: కవరు తీసి చూడండి. ప్లేయర్‌ను ఆపివేసి, సన్నని చెక్క పుల్లతో నూగును మెల్లగా బయటికి లాగండి. గుండుసూది మాత్రం వద్దు, లోపలి స్ప్రింగు వంగిపోతుంది. మైకు తీగ అయితే రెండు గీతల తీగ వేయండి. అందుకే కొనేటప్పుడే తీగ విడదీయగలిగే హెడ్‌ఫోన్‌ను ఎంచుకోమంటాను.

సమస్య: గొంతు బాగానే ఉంది, శబ్దమే చిన్నగా ఉంది.

హెడ్‌ఫోన్ పెట్టె మీద ఓంలు (కరెంటుకు అది ఎంత అడ్డో చెప్పే కొలత) చూడండి. చిన్న ప్లేయర్లకు 16 నుంచి 32 ఓంలవి సాధారణంగా సరిపోతాయి. సెన్‌హైజర్ హెచ్‌డి 600 వంటి 300 ఓంల హెడ్‌ఫోన్‌కు వేరే ఆంప్లిఫయర్ ఉంటేనే న్యాయం జరుగుతుంది.

చిన్న స్పీకరులో బేస్ తక్కువైతే దానిని గోడకు దగ్గరగా, గట్టి బల్లపై పెట్టి వినండి. అరచేతంత పెట్టె నుంచి అంతకుమించి ఆశించకూడదు, ధర ఎంతైనా సరే. హెడ్‌ఫోన్‌లో లోపలి తీగ తెగిందనో, డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) కాలిపోయిందనో ముందే తేల్చుకోకండి. పై పరీక్షలన్నీ అయ్యాకే దాన్ని విప్పించండి.