‘టేక్’ అనగానే ‘తీసుకోండి’ అని రాసేయకండి

అమ్మ కోసం ఇంగ్లీషు మందుల చీటీని తెలుగులో రాస్తుంటే ‘టేక్’ ఉన్న ప్రతిచోటా ‘తీసుకోవాలి’ అనే పడుతోంది. చదివితే మనిషి మాట్లాడినట్టే లేదు. ఇప్పుడు ‘టేక్’ని ముందు పక్కన పెట్టేస్తున్నాను. దాని తోడున్న మాటనే తెలుగులో రాసి, ఇంట్లో అయితే దానికి ఏ క్రియ వాడతామో పైకి అనుకుంటాను. మాత్ర అయితే వేసుకుంటాం, సిరప్ అయితే తాగుతాం. ఫొటో తీస్తాం, బస్సు ఎక్కుతాం, పరీక్ష రాస్తాం, స్నానం చేస్తాం. టైమైతే పడుతుంది. ‘టేక్ కేర్’కి క్రియే అక్కర్లేదు, ‘జాగ్రత్త’ చాలు. అమ్మ చీటీలో చివరికి ఇలా రాశాను: ‘పొద్దున, రాత్రి భోజనం అయ్యాక ఒక్కో మాత్ర వేసుకోవాలి.’ వాక్యానికి అర నిమిషం కూడా పట్టదు.

‘టేక్’ వెనకాల ఆఫ్, ఓవర్ లాంటి చిన్న మాట ఉంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. ‘టేక్ ఆఫ్’ అంటే విమానం గాల్లోకి లేవడం, చెప్పులు విప్పడం, ఆఫీసుకి సెలవు పెట్టడం, మూడూ అవుతాయి. అక్కడ వాక్యమంతా చదివాకే రాయాలి. ‘తీసుకోవడం’ తప్పని కాదు; అప్పు, సలహా, నిర్ణయం తీసుకునేవే.