చలికాలంలో మిద్దె తోట: తమలపాకు నుంచి నారు దాకా కాపాడుకోవడం

మన దగ్గర నీళ్లు గడ్డకట్టేంత చలి రాదు. అయినా డిసెంబరు నడిమి నుంచి జనవరి ఆఖరు దాకా హనుమకొండలో రాత్రిళ్లు 11, 12 డిగ్రీలకు దిగుతుంది. ఆసిఫాబాద్ వైపు తిర్యాణి, సిర్పూర్ (యు), గిన్నెధరి దిక్కు పోతే కొన్నిసార్లు ఐదారు డిగ్రీలే ఉంటుంది. తమలపాకు, కనకాంబరం, తులసి, క్రోటన్ లాంటి వేడికి అలవాటైన మొక్కలు దెబ్బతినాలంటే గడ్డకట్టే చలే రానక్కర్లేదు. వరుసగా మూడు నాలుగు రాత్రులు 10 డిగ్రీల కింద ఉంటే చాలు. వేర్లు నీరు పీల్చడం తగ్గిస్తాయి, ఆకు మీద నీటి మరకల్లాంటి మచ్చలు పడతాయి, రెండ్రోజులకు అవి నల్లబడతాయి.

టీవీలో చెప్పే కనిష్ఠ ఉష్ణోగ్రత నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున, ఎండ తగలకుండా గాలి ఆడే నీడపెట్టెలో కొలిచింది. మబ్బు, గాలి లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది కాబట్టి మొక్క ఆకు దగ్గర అంతకన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. అందుకే 13 అన్నారంటే, పైగా చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయంటే, ఆ రాత్రి కప్పాల్సిందే. మబ్బు పట్టిన రాత్రి వదిలేయొచ్చు. గరిష్ఠ, కనిష్ఠ రెండూ చూపే థర్మామీటరు ఒకటి కొని కుండీల ఎత్తున వేలాడదీస్తే ఈ లెక్కలతో పని ఉండదు.

అన్నింటికీ చద్దర్లు కప్పుతూ కూర్చోవద్దు. చామంతి, గులాబీ, బంతి, కొత్తిమీర, మెంతి, పాలకూర, క్యాబేజీలకు ఈ చలి పండగే. మల్లె ఆకు రాల్చి మోడులా కనిపిస్తే కంగారు పడొద్దు. అది విశ్రాంతిలో ఉంది. నవంబరు ఆఖరులో మోకాలెత్తుకు కత్తిరించి నీళ్లు తగ్గిస్తేనే ఎండాకాలానికి పూలు విరగపూస్తాయి. కరివేపాకు కూడా పసుపు తిరిగి కొంత ఆకు రాలుస్తుంది, పెద్ద చెట్టైతే దాని జోలికి పోవద్దు. చూసుకోవాల్సినవి తమలపాకు, కనకాంబరం, తులసి, క్రోటన్, మనీప్లాంటు, ఎడారి గులాబీ, లేత బొప్పాయి, ఏడాది లోపు కరివేపాకు, టమాట, మిరప, వంగ నార్లు.

మొదట చేయాల్సిన పని కుండీల చోటు మార్చడం. దానికి పైసా ఖర్చు లేదు. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, కాబట్టి ఇంటి దక్షిణపు గోడ రోజంతా ఎండ తాగుతుంది. పడమటి గోడ సాయంత్రం దాకా కాగి రాత్రి వేడి వదులుతుంది. ఈ రెండింటిలో ఏదో ఒకదానికి జానెడు దూరంలో కుండీలను ఒకదానికొకటి ఆనేలా గుంపుగా పెట్టండి. పెద్దవి బయట, చిన్నవి లోపల. నేల మీది మొక్కకు భూమి కాపు కాస్తుంది, కుండీలో వేరుకు మాత్రం అన్ని వైపుల నుంచీ ఇగం తగులుతుంది. స్లాబు మీద నేరుగా పెట్టకుండా కింద థర్మాకోల్ ముక్కో చెక్క పలకో వేయండి. కుండీ చుట్టూ గోనె సంచి రెండు మడతలు చుట్టి సుతిలితో కట్టండి.

నేలలో వేసిన మడికైతే చిన్న గుడారం కట్టాలి. మూడడుగుల వెడల్పు మడికి ఆరడుగుల వెదురు బద్దలు సరిపోతాయి. ఒక్కో కొసను ముప్పావు అడుగు లోపలికి దిగ్గొట్టి కమానులా వంచితే నడుమ దాదాపు అడుగున్నర ఎత్తు వస్తుంది. రెండడుగులకో బద్ద పాతండి. పైన పాత నూలు చీర గానీ చద్దరు గానీ వేసి, అంచులు నేలకు ఆనేదాకా దించి ఇటుకలు పెట్టండి. అంచు లేచి ఉంటే మట్టిలోంచి వచ్చే వేడంతా అక్కడి నుంచే పోతుంది, ఇక కప్పినా కప్పకున్నా ఒకటే. పాలిథిన్ పట్టా వాడితే అది ఎక్కడా ఆకుకు తగలొద్దు. తగిలిన ప్రతిచోటా ఆకు మాడుతుంది.

వేళ తప్పితే కప్పిన ఫలితం ఉండదు. పొద్దుగూకక ముందే, ఐదింటికల్లా కప్పాలి. చీకటి పడ్డాక కప్పితే లోపల దాచుకునే వేడి ఏం మిగిలి ఉంటుంది? పొద్దున ఎనిమిదిన్నరకు తీసేయాలి. ఆఫీసుకు పోయే తొందర్లో పట్టా తీయడం మరిచిపోయారంటే మధ్యాహ్నానికి లోపల వేసవిలా కాగి ఆకులు ఉడికిపోతాయి. చలికి చచ్చే మొక్కలకన్నా ఇలా పోయేవే ఎక్కువని మా లెక్క.

తులసి కోటను జరపలేం. నాలుగు మూలలా మొక్కకన్నా జానెడు ఎత్తుండే పుల్లలు గుచ్చి, పాత నూలు పంచె ముక్క కప్పి, కోట చుట్టూ దారంతో వదులుగా కట్టండి. కప్పే ముందు పూల వెన్నులు తుంచేయండి. గింజ కట్టిన తులసి చలికి ఇంకా తొందరగా మోడవుతుంది.

నీళ్లు పొద్దున తొమ్మిదిన్నర, పదింటి మధ్యే. మేడ మీది ట్యాంకులో నీళ్లు తెల్లారేసరికి ఇగం పెట్టి ఉంటాయి, అవి వేరు మీద పోయొద్దు. బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, అవి మేలు. వేలు రెండు కణుపులు మట్టిలోకి గుచ్చి, పొడిగా తగిలితేనే పోయాలి. అట్లని ఎండబెట్టొద్దు, తడి మట్టి పగటి వేడిని పొడి మట్టికన్నా బాగా నిలుపుకుంటుంది. ఎడారి గులాబీకి మాత్రం ఈ రెండు నెలలూ నీళ్లు దాదాపు బంద్. దాని మొదలును బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా దిగబడితే లోపల కుళ్లు మొదలైనట్టే.

నవంబరు నడిమి తర్వాత యూరియా ముట్టొద్దు. వచ్చిన లేత చిగురే మొదట మాడుతుంది. కుండీల్లో రెండంగుళాల మందం వరిగడ్డి గానీ ఎండాకు గానీ పరిచి, కాండం చుట్టూ రెండంగుళాలు ఖాళీ ఉంచండి. ఎర్ర నేలల్లో గడ్డి వేస్తే చెదలు వస్తాయి, కింద గుప్పెడు వేపపిండి చల్లితే ఆగుతాయి. నారుమడిలో మాత్రం గడ్డి వద్దు, మట్టి ఎండకు కాగనివ్వాలి.

ఎండాకాలపు టమాట, మిరప నారు ట్రేల్లో పోసుకుంటే రాత్రి ఇంట్లోకి, పొద్దున ఎండలోకి మార్చుకోవచ్చు. మొలక ఆలస్యమైందని మళ్లీ మళ్లీ తడిపితే నారుకుళ్లు వచ్చి మొలకలు మొదలు దగ్గర సన్నబడి పడిపోతాయి. అప్పుడు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. యాసంగి వరి నారుమడికీ ఇలాంటి జాగ్రత్తే: రాత్రి పట్టా కప్పి పొద్దున తీయడం, మడిలోని చల్లటి నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టడం.

టమాట ఆకు అడుగు ఊదా రంగు తిరిగితే భాస్వరం లేదని ఎరువు గుమ్మరించకండి. మట్టి చల్లబడి వేరు అందుకోలేకపోతోందంతే, ఎండ ముదిరితే దానంతటదే పోతుంది. గులాబీ మీద తెల్ల పొడి కనిపిస్తే అది బూడిద తెగులు, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టండి. అదే మందు బీర, దోస తీగలకు వాడొద్దు, ఆకు మాడే ప్రమాదం ఉంది.

నల్లబడ్డ కొమ్మలను చూసి కత్తెర పట్టుకోవాలనిపిస్తుంది. ఫిబ్రవరి నడిమి దాకా ఆగండి. ఆ ఎండిన ఆకులే కింది మొగ్గలకు కప్పు. అప్పుడు గోరుతో బెరడు గీకి చూసి, లోపల పచ్చగా ఉన్నచోటికి అంగుళం పైన కత్తిరించి, దోసెడు వర్మీకంపోస్టు వేయండి.