పాత లాప్‌టాప్ సర్వర్ పలకడం లేదా? ముందు మూత తీసి చూడండి

"అన్నా, సర్వర్ పోయింది. మళ్ళీ ఉబుంటు ఎక్కించేయమంటావా?"

పాత లాప్‌టాప్‌లో ఉబుంటు (ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, ఫొటోలూ ఫైళ్ళూ దాచుకోవడానికి ఇంట్లో సర్వర్‌గా నడుపుకునేవాళ్ళ నుంచి ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. నేను అడిగేదీ ఎప్పుడూ ఒకటే: "మూత తీసి స్క్రీన్ చూశావా?" అవతల కాసేపు మాట ఉండదు. చూసి ఉండడు. ఎస్‌ఎస్‌హెచ్ (ఇంకో కంప్యూటర్ నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) పలకలేదనగానే, మళ్ళీ ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ వెతుక్కోవడం మొదలుపెట్టి ఉంటాడు.

డేటా సెంటర్లో పెట్టే సర్వర్లకు సాధారణంగా స్క్రీనూ కీబోర్డూ ఉండవు. మన పాత లాప్‌టాప్‌కు రెండూ ఒంటికే అతుక్కుని ఉన్నాయి. ఏం తప్పు జరిగిందో అది చాలాసార్లు తనే రాసి చూపిస్తుంది, చూసేవాడే ఉండడు.

ఒక చిన్న జాగ్రత్త. మూత తీయకముందే పవర్ లైటు చూడండి. నిద్రలో ఉన్న మిషన్ మూత ఎత్తగానే లేచి కూర్చుంటుంది, ఇక ఆనవాలు దొరకదు. లైటు మెల్లగా ఆరుతూ వెలుగుతూ ఉంటే నిద్రపోయిందని. అసలు లైటే లేకపోతే ఆగిపోయిందని. లైటు నిలకడగా వెలుగుతూ, లోపల మామూలుగా లాగిన్ అడుగుతుంటే మిషన్ బాగానే ఉంది, తేడా నెట్‌వర్క్‌లో. లైటు నిలకడగానే ఉండి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు లైన్లు కనిపిస్తే మాత్రం కింద మూడో భాగానికి వెళ్ళిపోండి. నన్ను ఏడిపించింది అదే.

నిద్రపోతోంది

మూత వేయగానే పడుకుంటే కారణం అందరికీ తెలిసిందే. ఈటీసీలోని సిస్టమ్‌డీ (మిషన్‌ను లేపి, లోపలి పనులన్నీ నడిపే ప్రోగ్రామ్) ఫోల్డర్లో లాగిన్‌డీ సెట్టింగుల ఫైలు (/etc/systemd/logind.conf) తెరిచి, 'హ్యాండిల్ లిడ్ స్విచ్' అన్న చోట 'ఇగ్నోర్' అని పెట్టాలి. "పెట్టానన్నా, అయినా పడుకుంటోంది" అంటారు. ఆ లైను ముందున్న హ్యాష్ గుర్తు తీశారా? అది ఉన్నంతకాలం సిస్టమ్ ఆ లైనును చదవనే చదవదు. గుర్తు తీసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి.

మూత తెరిచే ఉన్నా ఓ ఇరవై నిమిషాలకు పడుకుంటుంటే, మీరు ఎక్కించింది డెస్క్‌టాప్ వెర్షన్. అందులో బొమ్మలతో కనిపించే తెరను నడిపేది గ్నోమ్. ఆ గ్నోమ్ లాగిన్ స్క్రీన్‌కు తన పవర్ సెట్టింగులు తనకే ఉంటాయి. మీరు లోపలికి వెళ్ళి మీ అకౌంట్లో ఏం మార్చినా దానికి పట్టదు. కీబోర్డు ముట్టుకునేవాళ్ళు లేరని అది మిషన్‌ను పడుకోబెట్టేస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్‌లో మీరు పని చేసుకుంటున్నా సరే. సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ కమాండ్‌తో స్లీప్, సస్పెండ్, హైబర్నేట్, హైబ్రిడ్ స్లీప్ అనే నాలుగు టార్గెట్లనూ మూసేయండి. ఆ గొడవ అంతటితో పోతుంది.

బతికే ఉంది, దొరకడం లేదు

ఇంటి నెట్‌వర్క్‌లో లాప్‌టాప్‌కు రౌటర్ ఇచ్చే ఐపీ అడ్రస్ నిన్న 192.168.1.7 అయితే, ఇవాళ 192.168.1.12కి మారి ఉంటుంది. రౌటర్ పేజీలో అడ్రస్ రిజర్వ్ చేయండి, అప్పుడు ఎప్పుడూ అదే వస్తుంది. లాప్‌టాప్‌కు వైఫైకి ఒక మ్యాక్ అడ్రస్ (రౌటర్ గుర్తుపట్టే హార్డ్‌వేర్ నంబర్), కేబుల్‌కు ఇంకొకటి ఉంటాయి. కేబుల్ వాడుతూ వైఫై మ్యాక్‌కు రిజర్వ్ చేసినవాళ్ళను చూశాను. అసలు వైఫైతో సర్వర్ నడపకండి. కార్డు పవర్ ఆదా చేసుకోవడానికి మధ్యమధ్యలో కునుకు తీస్తుంది, దాన్ని సరిచేసుకుంటూ కూర్చునే బదులు రౌటర్ దాకా ఒక కేబుల్ వేసేస్తే సరిపోతుంది.

ఇంట్లో దొరుకుతోంది, బయటి నుంచి దొరకడం లేదంటే రౌటర్లో వాన్ అడ్రస్ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని రౌటర్ సర్వర్‌కు పంపే సెట్టింగ్) ఎంత చేసినా దండగే. ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్ళకు పంచుతోందన్నమాట. బయటి నుంచి ఇంటి మిషన్‌ను నేరుగా కలిపే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోండి.

ఇంకోటి. కరెంటు పోయినప్పుడు మాత్రమే దొరకకపోతే రౌటర్ ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూడండి. మన ఇళ్ళలో చాలావరకు ఫ్యాన్లు, లైట్లే ఇన్వర్టర్ లైన్లో ఉంటాయి. రౌటర్ పెట్టిన ప్లగ్గు ఉండదు.

కరెంటు పోయి వచ్చింది, సర్వర్ మాత్రం రాలేదు

కరెంటు రాగానే లాప్‌టాప్ తనంతట తాను ఆన్ అవుతుందనుకోకండి. కొన్ని మోడళ్ళ బయోస్‌లో (మిషన్ ఆన్ కాగానే వచ్చే మొదటి సెట్టింగుల పేజీ) చార్జర్ తగలగానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, చాలావాటిలో ఉండదు. లేకపోతే ఇంట్లోవాళ్ళకు చెప్పి బటన్ నొక్కించుకోవడమే. ఇంతవరకు మామూలే.

బటన్ నొక్కారు, లైటు వెలిగింది, ఫ్యాన్ తిరుగుతోంది. అయినా ఎస్‌ఎస్‌హెచ్ లేదు, పింగ్ (మిషన్ బతికుందా అని పలకరించే కమాండ్) కొట్టినా జవాబు లేదు. అప్పుడు ఏం చేస్తారు?

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కావలిలో మా ఇంట్లో కరెంటు పోయింది. అంతకుముందే మా నాయన పిడుగుల భయానికి ప్లగ్గులన్నీ పీకేశారు. కరెంటు వచ్చాక లాప్‌టాప్ చార్జర్ పెట్టి, బటన్ నొక్కారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, నాకు సర్వర్ దొరకలేదు. ఫోన్ చేస్తే "లైటు వెలగతా ఉండాది రా" అన్నారు. మూడుసార్లు ఆఫ్ చేయించి ఆన్ చేయించాను. లాభం లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళి రెండు రోజులు కూర్చుని మొత్తం మళ్ళీ ఎక్కించాను. ఆ పనిలో బయటి హార్డ్ డిస్క్ అడాప్టర్ ప్లగ్గు ఊడి కనిపిస్తే అదీ పెట్టాను, దాని గురించి ఆలోచించలేదు. అంతా పని చేసింది. తుపానుకు సిస్టమ్ పాడైపోయిందని తేల్చేసుకున్నాను.

ఎండాకాలంలో మళ్ళీ కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ అదే కథ. ఈసారి విసుగొచ్చి "నాయనా, ఒకసారి మూత తీసి చూడు" అన్నాను. "ఏందో ఇంగ్లీషులో రాసుండాది. ఎమర్జెన్సీ అంట, పాస్‌వర్డ్ అడగతా ఉండాది."

కారణం ఎఫ్‌స్టాబ్ ఫైలు. ఏ డిస్క్‌ను ఎక్కడ తగిలించాలో అందులో రాస్తాం కదా. అందులో రాసిన ప్రతి డిస్కూ బూట్ అయ్యేటప్పుడు ఉండి తీరాలని సిస్టమ్‌డీ అనుకుంటుంది. లేకపోతే మామూలుగా తొంభై సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి ఆగిపోతుంది. అక్కడ నెట్‌వర్క్ ఉండదు, ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు. బయటి నుంచి చూస్తే చచ్చిపోయినట్టే. మొదటిసారి డిస్క్ ప్లగ్గు ఊడి ఉంది. రెండోసారి డిస్క్ అడాప్టర్ కాలిపోయింది. ఫొటోలు దాచుకునే డిస్క్ రాలేదని మొత్తం సర్వరే లేవనంది. అది తెలియక నేను రెండు రోజుల పండగ పాడుచేసుకున్నాను.

కొత్త 12 వోల్టుల అడాప్టర్ తెప్పించి పెట్టించి, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నొక్కించాను. లేచింది.

అసలు మందు ఇది. ఎఫ్‌స్టాబ్‌లో ఆ డిస్క్ లైన్లో నాలుగో గడిలో 'డీఫాల్ట్స్' అని ఉంటుంది. దాని పక్కన కామా పెట్టి, ఖాళీ వదలకుండా 'నోఫెయిల్' అని చేర్చండి. డిస్క్ ఉంటే తగిలిస్తుంది, లేకపోతే లేకుండానే లేస్తుంది. డిస్క్‌ను ఎస్‌డీబీ1 లాంటి పేరుతో కాకుండా యూయూఐడీతో (ఆ డిస్క్ పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక నంబర్) రాయండి. ఇవాళ ఎస్‌డీబీ అయినది రేపు ఎస్‌డీసీ కావచ్చు. రాశాక ఫైండ్‌మౌంట్ కమాండ్‌ను (findmnt) వెరిఫై ఆప్షన్‌తో నడిపితే తప్పులుంటే చెబుతుంది. దాంతో ఆగకండి. మీరు ఇంట్లో ఉన్నప్పుడే డిస్క్ పీకేసి రీస్టార్ట్ చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ వస్తే ఊరెళ్ళండి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

కొన్నాళ్ళకు లోపలి ఎస్‌ఎస్‌డీ నిండిపోయిందని సర్వర్ మొరాయించింది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే నూటికి నూరు శాతం నిండినట్టు చూపిస్తోంది. ఫోల్డర్ల సైజు చెప్పే డీయూ కొట్టి ఒక్కో ఫోల్డర్ లెక్కేస్తే అందులో సగం కూడా లేదు. లాగ్‌లు చెరిపాను, పాత కెర్నళ్ళు తీశాను. ఎక్కడా తేలలేదు. మళ్ళీ పెన్‌డ్రైవ్ తీసే దాకా వచ్చాను.

జరిగింది ఏమిటంటే, మధ్యలో ఒకసారి డిస్క్ రాకుండానే సర్వర్ లేచింది, నోఫెయిల్ ఉంది కదా. ఫొటోల ఫోల్డర్ మాత్రం ఖాళీగా అక్కడే ఉంది. ఇంట్లోవాళ్ళ ఫోన్ల నుంచి బ్యాకప్ వచ్చి ఆ ఖాళీ ఫోల్డర్లో, అంటే లోపలి ఎస్‌ఎస్‌డీలోనే పడిపోయింది. తర్వాత డిస్క్ వచ్చి అదే ఫోల్డర్ మీద కూర్చుంది. కింద పడ్డవి కనిపించవు, డీయూకు కూడా. చోటు మాత్రం తింటూనే ఉంటాయి. మా చెల్లి సీమంతం ఫొటోలు అక్కడే ఉన్నాయి, అప్పటికే ఫోన్లోంచి తీసేసింది కూడా. ఆ పూట పెన్‌డ్రైవ్ పెట్టేసి ఉంటే ఇంట్లో నా ముఖం చూసేవాళ్ళు కాదు.

చూడాలంటే రూట్‌ను (అన్ని ఫోల్డర్లూ మొదలయ్యే '/'ను) ఇంకో ఖాళీ ఫోల్డర్ మీదకు మౌంట్ కమాండ్‌లో బైండ్ ఆప్షన్‌తో తగిలించండి. అక్కడి నుంచి వెళ్తే కింద పడ్డవి బయటపడతాయి. ముందు డిస్క్‌లోకి కాపీ చేసుకుని, సరిగ్గా వచ్చాయని చూసుకుని, ఆ తర్వాతే చెరపండి. ఇక మళ్ళీ ఇలా కాకుండా, బ్యాకప్ ఆపి, డిస్క్ అన్‌మౌంట్ చేసి, ఖాళీ ఫోల్డర్‌కు సీహెచ్‌ఏటీటీఆర్ (chattr) కమాండ్‌తో ప్లస్ ఐ పెట్టండి, అంటే అందులో ఎవరూ ఏమీ మార్చకుండా తాళం వేసినట్టు. డిస్క్ లేనప్పుడు అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్ కూడా అందులో ఏమీ రాయలేడు. బ్యాకప్ అక్కడికక్కడే ఫెయిల్ అవుతుంది. ఫెయిల్ అయితే తెలుస్తుంది, అదే కావాలి మనకు. డిస్క్ తగిలాక మాత్రం అన్నీ మామూలుగానే పని చేస్తాయి.

వీలైతే డిస్క్ అడాప్టర్‌ను, లాప్‌టాప్ చార్జర్‌ను ఒకే ఇన్వర్టర్ ప్లగ్గుకు పెట్టండి. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, డిస్క్‌కు లేదు. రెండు నిమిషాల కరెంటు కోతకు లాప్‌టాప్ కదలదు, డిస్క్ మాత్రం చేతిలోంచి జారిపోతుంది.

మిగతావి

మధ్యాహ్నాలే ఆగిపోతుంటే వేడి. బీరువా మీద, గోడకు ఆనించి, మూత వేసి పెట్టి, మే నెలలో ఒంగోలులో నడవమంటే ఎలా నడుస్తుంది? లోపలి వేడి చెప్పే సెన్సార్స్ కమాండ్ కొట్టి చూడండి. చీమకుర్తిలో ఒక తమ్ముడి లాప్‌టాప్ విప్పితే ఫ్యాన్ రెక్కల మధ్య గ్రానైట్ పొడి మెత్తలా పేరుకుని ఉంది. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్‌కు కొత్త థర్మల్ పేస్ట్ (వేడిని బయటికి పంపడానికి రాసేది) రాస్తే సరిపోయింది.

టచ్‌ప్యాడ్ పైకి ఉబికి కనిపిస్తే అది బ్యాటరీ ఉబ్బడం. ఇంకేమీ చూడకుండా ఆఫ్ చేసి బ్యాటరీ తీయించేయండి. గుచ్చకండి, నొక్కి సర్దకండి.

తేదీ ఏళ్ళ వెనక్కి పోయి, అప్‌డేట్ చేయబోతే సర్టిఫికెట్ ఎర్రర్లు వస్తుంటే, మదర్‌బోర్డు మీది చిన్న సెల్ అయిపోయింది. కొత్తది వేస్తే చాలు.

ర్యామ్ పోయిందేమోనని చాలామందికి టెన్షన్. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి చూశాను. అంత అనుమానముంటే రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి, పొద్దున్నే చూసుకోవచ్చు.