ఎండలు ముదరకముందే ఆక్వేరియం చేపలు: డెల్టా ఇళ్లకు జాగ్రత్తలు

రెండడుగుల గాజు తొట్టె కొని ఏ చేపలు వేద్దామా అని ఆలోచిస్తున్నవారు ముందుగా మే నెలను తలచుకోవాలి. రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో ఎండ మండిపోయే రోజుల్లో ఇంట్లోని తొట్టె నీరు కూడా 32 డిగ్రీలు దాటగలదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 దగ్గర ఏడున్నరే. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగిందంటే చల్లని నీటి చేపలు తట్టుకోలేవు. అందుకే పిల్లలు ఎంత ముచ్చటపడినా గోల్డ్‌ఫిష్, నియాన్ టెట్రా మన వేసవికి నప్పవు.

దుకాణంలో ‘షార్క్’ అని చూపించే వెండి రంగు పిల్లను కాస్త దగ్గరగా చూడండి. మూతి దగ్గర మీసాలు, ఒంటి పొడవునా నల్లని చారలు. గాజు మీద వేలితో తడితే చాలు, బెదిరి మూలకు దూసుకుపోతుంది. చాలాసార్లు అది మన చెరువుల్లో పెంచే పంగాసియసే! పూర్తిగా ఎదిగితే మీటరు దాటుతుంది. పిరానా పేరుతో అమ్మే ఎర్ర పొట్ట చేప కూడా తరచూ చెరువుల్లో పెంచే రూప్‌చందే అవుతుంది. గాజుకు పట్టిన పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక వీటిని కాలువలో వదిలేస్తుంటారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. సక్కర్ ఇప్పటికే మన నీళ్లలో పాతుకుపోయింది. వలలు చింపే ఆ చేపను జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు.

మరి ఏవి వేయాలి? నా మొదటి ఓటు గౌరామికి. కొర్రమీనులాగే అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, కాబట్టి పంపు కాసేపు ఆగినా గండం గడుస్తుంది. ఫైటర్ చేపకూ ఆ శక్తి ఉంది కానీ మగదాన్ని ఒంటరిగానే ఉంచాలి. గప్పీల పొడవాటి తోకలు కనిపిస్తే కొరికేస్తుంది. యాభై లీటర్ల తొట్టెకు ఒక జత హనీ గౌరామి, ఆరు మగ గప్పీలు చాలు. ఆడ గప్పీలు కూడా ఉంటే నెల తిరిగేసరికి పిల్లలతో తొట్టె కిక్కిరిసిపోతుంది. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు బోరు నీరు ఉప్పగా ఉంటే గౌరామి జోలికి పోకుండా మోలీలు తీసుకోండి. కొద్దిపాటి ఉప్పదనాన్ని అవి హాయిగా భరిస్తాయి.

నీటి సంగతి ఊహకు వదలకండి. భీమవరం, ఆకివీడు పరిసరాల్లో రొయ్యల చెరువుల నీరు పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. ఒక సీసాడు నీరు పట్టుకెళ్లి పీహెచ్, కాఠిన్యం, ఉప్పు, అమ్మోనియా చూపించుకోండి. కాలువలు కట్టేసే రోజుల్లో చాలా ఊళ్లలో కుళాయికి వచ్చేది చెరువులో నిల్వ ఉంచి బ్లీచింగ్ కలిపిన నీరు. క్లోరిన్ వాసన వస్తే ఒక రోజంతా గాలి పట్టించండి, లేదా క్లోరిన్ విరిచే మందు కలపండి. కాలువ నీరు, కాలువ నాచు వద్దే వద్దు. వాటితో పాటు పొలాల మందులూ చేప పేనూ వస్తాయి.

ఫిల్టరులో మేలు చేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేప విసర్జించే అమ్మోనియాను విరిచేది అదే. కాబట్టి ఫిబ్రవరిలోనే తొట్టె నింపి, బ్యాక్టీరియాకు అమ్మోనియా అందేలా చిటికెడు మేత వేస్తూ ఫిల్టరు నడపండి. అమ్మోనియా, అది విరిగితే వచ్చే నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే, మార్చి చివర్లో, చేపలు తెచ్చుకోండి.

కొనేటప్పుడు రంగుకన్నా ముందు రెక్కలు చూడండి. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడినవి, ఒంటిమీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలున్నవి వద్దు. ఒక్క చచ్చిన చేప తేలుతున్నా ఆ తొట్టెలోంచి ఏదీ తీసుకోకండి. ఇంటికి తెచ్చాక సంచిని పావుగంట నీటిపై తేల్చి ఉంచండి. ఇంట్లో పాత చేపలుంటే కొత్తవాటిని రెండు వారాలు వేరే టబ్బులో పెట్టి చూడండి. మే వచ్చేలోపు బ్యాటరీతో నడిచే పంపు ఒకటి కొని దగ్గర ఉంచుకోండి.