ఫీజు బకాయిల మీద కదలాలంటే: ముందు నోటుబుక్కు, తర్వాతే మైకు

2024 జూలైలో మా అమ్మ కాలేజీ ఆఫీసు కిటికీ ముందు గంటన్నర నిలబడింది. అమ్మ తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో గ్రేడింగ్ పనికి వెళ్తుంది. ఆ రోజు పని మానుకుని, వడ్డీకి తెచ్చిన డబ్బు చీర కొంగున ముడేసుకుని వచ్చింది. నా బీకాం అయిపోయింది, పీజీలో చేరడానికి టీసీ కావాలి. నా ఫీజుని ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం కింద ప్రభుత్వం విడతలుగా మా అకౌంట్లో వేయాలి, అవి బకాయి పడ్డాయి. "మీ అకౌంట్లో విడతలు పడలేదమ్మా. ముందు మీరు కట్టేయండి, గవర్నమెంటు వేశాక ఆ డబ్బు మీకే వస్తుంది కదా" అన్నారు కిటికీ లోపలి నుంచి. అమ్మ కొంగుముడి విప్పుతుంటే పక్కన నిలబడి చూశాను. ముడి బిగుసుకుపోయింది. ఉల్లి తొక్కల రంగు పట్టిన వేళ్లకి అది ఓ పట్టాన రాలేదు.

ఆ తర్వాత రెండు నెలలు క్లాసువాళ్లం, జూనియర్లు కలిసి తిరిగాం. అందులో ఏది పని చేసిందో, ఏది చెయ్యలేదో ఇప్పటికీ జూనియర్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. "అక్కా, రేపు ధర్నా పెడదామనుకుంటున్నాం, స్లోగన్లు రాసి పంపించవా?" అంటారు. స్లోగన్లు తర్వాత రాసుకుందాం, ముందు ఒక లాంగ్ నోటుబుక్కు కొనండి అని చెప్తాను.

నోటుబుక్కులో ఏం రాయాలి

రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి తీసుకోండి. అడ్డంగా తిప్పి గళ్లు గీయండి. పేరు, ఊరు, కోర్సు, ఏ సంవత్సరం, మొత్తం ఫీజు ఎంత, ఎన్ని విడతలు పడ్డాయి, చివరిగా పడిన తేదీ, చేతి నుంచి ఎంత కట్టారు, కాలేజీ ఏం ఆపింది (టీసీనా, హాల్ టికెట్టా, మార్కుల మెమోనా). మేం మొదట ఇంతవరకే గీశాం. మూడో రోజు మా సీనియర్ ఒకమ్మాయి ఇంకో గడి కలపమంది: కట్టిన డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు, వడ్డీ ఎంత?

ఆ గడి నిండుతుంటే మాకే నోట మాట రాలేదు. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు, ఒకరింట్లో ఐదు. ఒకబ్బాయి వాళ్లమ్మ చెవిదుద్దులు తాకట్టులో ఉన్నాయి. ఇంకొకబ్బాయి వాళ్ల నాన్న కౌలుకి చేస్తున్న ఎకరంన్నరకి ఎరువుల కోసం దాచిన డబ్బు తీసి ఫీజు కట్టాడు. వాళ్లందరూ రోజూ మాతో పాటు బెంచీల మీద కూర్చున్నవాళ్లే. ఎవ్వరూ ఎప్పుడూ బయటికి చెప్పలేదు. ఫీజు కట్టలేకపోవడం తమ ఇంటి తప్పన్నట్టు సిగ్గుపడి దాచుకున్నారు. పక్కవాడి గడి చూశాకే నోరు విప్పారు. ధర్నాకి జనం ఎలా వస్తారని అడుగుతారు చాలామంది. నా అనుభవంలో ఆ గడి నింపుతున్నప్పుడే వచ్చారు.

ఒక జాగ్రత్త. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు రాయకండి, వాటితో మనకి పని లేదు. నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అప్పుల సంగతి నమ్మి చెప్పారు కాబట్టి, బయటికిచ్చే కాగితంలో పేర్లు లేకుండా మొత్తాలు మాత్రమే వేయండి. ఎవరైనా పేరు వేసినా పర్వాలేదంటే, వాళ్ల చేతే సంతకం పెట్టించుకోండి.

ఎవరిని ఏం అడగాలి

"విద్యార్థుల సమస్యలు పరిష్కరించాలి" అని బ్యానర్ రాస్తే ఏ ఆఫీసరైనా "తప్పకుండా" అని పంపించేస్తాడు. ఎవరి చేతిలో ఏముందో తెలుసుకుని, ఎవరి ముందు వాళ్లు తీర్చగలిగిన మాటే పెట్టాలి.

టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపడం కాలేజీ పని, కాబట్టి అది ప్రిన్సిపాల్ దగ్గర అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రింటు తీసి అర్జీకి పిన్ చేయండి. హాల్ టికెట్ సంగతైతే యూనివర్సిటీ రిజిస్ట్రారుకి కూడా ఒక కాపీ పెట్టండి. మా వైపు డిగ్రీ కాలేజీలన్నీ ఆదికవి నన్నయ యూనివర్సిటీ కిందికి వస్తాయి. దరఖాస్తు వెరిఫికేషన్‌లో ఆగిపోయిందా, బిల్లు తయారైందా అన్నది జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి ఆఫీసులో తెలుస్తుంది. బిల్లు పాసై డబ్బు విడుదల కాకపోతే అది ఆర్థిక శాఖ పని, అంటే రాజధానిలో తేలాలి. దానికి కాలేజీ గేటు ముందు కూర్చుంటే లాభం లేదు, ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాలి.

అసలు పథకంలోనే కోత పడితే సంగతి వేరు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లని ఫీజు రీయింబర్స్‌మెంట్ నుంచి తీసేసింది. నేను ఎంఏ ఎకనామిక్స్‌కి యూనివర్సిటీ క్యాంపస్ సీటు కోసమే పట్టుబట్టింది అందుకే. మా క్లాసులో నాకంటే బాగా చదివే ఇద్దరు అమ్మాయిలు క్యాంపస్ సీటు రాక, ప్రైవేటులో ఫీజు కట్టలేక చదువు ఆపేశారు. ఇలాంటి చోట "పీజీ విద్యార్థులకు న్యాయం" అని రాయకండి. జీవో నంబరు, నెల, సంవత్సరం వేసి "రద్దు చేయాలి" అని రాయండి. నంబరు ఉన్న కోరికకి అవుననో కాదనో చెప్పక తప్పదు.

పది రూపాయల కాగితం

సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. జిల్లా ఆఫీసుకైతే ఫీజు పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు, దాని జిరాక్స్ జత చేయండి. ప్రైవేటు కాలేజీకి నేరుగా పెడితే అది తమకి వర్తించదంటారు. కాబట్టి సంక్షేమ శాఖ ఆఫీసులోని ప్రజా సమాచార అధికారికి పెట్టండి.

ప్రశ్న ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. "మా ఫీజు ఎందుకు రాలేదు?" అంటే జవాబు రాదు. "ఎందుకు" అన్న మాటకి వాళ్ల దగ్గర కాగితం ఉండదు. ఇలా అడగండి: ఫలానా విద్యా సంవత్సరంలో ఫలానా కాలేజీ నుంచి వచ్చిన దరఖాస్తులు ఎన్ని, వాటిలో వెరిఫై అయినవి ఎన్ని, బిల్లు పెట్టినవి ఎన్ని, ఏ తేదీన పెట్టారు, చెల్లించిన మొత్తం ఎంత, చెల్లించాల్సింది ఎంత. ఇవన్నీ రికార్డులో ఉండే అంకెలే.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోపు సమాచార కమిషన్‌కి వెళ్లవచ్చు. స్పీడ్ పోస్టు రసీదు నోటుబుక్కు వెనక అట్టకి అంటించండి. మా మొదటి దరఖాస్తు రసీదు పోగొట్టాం. అప్పీలు వేసేటప్పుడు ఏ తేదీన పంపామో చూపించలేక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఒక నెల మట్టిలో కలిసిపోయింది.

భీమవరంలో ఒక సోమవారం

కలెక్టరేటులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. మా జిల్లాకి భీమవరం. గూడెం నుంచి పొద్దున్నే బస్సెక్కి పదకొండు మందిమి వెళ్లాం. వంద మంది వెళ్తే బాగుంటుందన్నారు కొందరు. హాలులో అంతమందిని పట్టనివ్వరు, బయట తోపులాట మొదలైతే లోపల అర్జీ సంగతి ఎవరికీ పట్టదు. ఆ రోజు మేం తక్కువ మందిమి వెళ్లడమే మంచిదైంది.

అర్జీ ఒకే పేజీ ఉండాలి. పైన కోరిక, కింద నాలుగు అంకెలు, అడుగున సంతకాలు. మాది నూట ముప్పై ఏడు మందిది. అధికారి మొదట తల ఎత్తకుండానే తీసుకున్నారు. సంతకం పెట్టబోతూ ఒక వరస దగ్గర ఆగారు. అది వడ్డీ గడి మొత్తం: ప్రభుత్వం వెయ్యాల్సిన డబ్బు ఆలస్యమైనందుకు మా ఇళ్లల్లో నెలకి కడుతున్న వడ్డీ, అందరిదీ కలిపి. "ఇది ఎవరు లెక్కేశారమ్మా?" అని అడిగారు. నోటుబుక్కు తీసి ముందు పెట్టాను. రెండు పేజీలు తిప్పారు. అక్కడి నుంచే కాలేజీకి ఫోన్ చేయించారు. ఆ వారంలోనే ఫైనలియర్ వాళ్లందరికీ టీసీలు ఇచ్చారు. బకాయిలు ఆ రోజు తేలలేదు, తేలుతాయని మేమూ అనుకోలేదు. టీసీలు మాత్రం వచ్చాయి.

అర్జీ ఇచ్చాక వచ్చే రసీదు నంబరు లేకుండా బయటికి రాకండి. ఎక్కడైనా వినతిపత్రం ఇస్తే రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ఒక ఆఫీసులో ముద్ర వెయ్యడానికి ఒప్పుకోలేదు. వాదన పెట్టుకోకుండా అదే కాగితం ఆ సాయంత్రమే పోస్టులో పంపాం. అప్పుడు పోస్టు రసీదే సాక్ష్యం.

ధర్నా పెట్టే ముందు

ధర్నా చివరి మెట్టు. వేళ చూసుకోండి. సెమిస్టర్ పరీక్షలకి పదిహేను రోజుల ముందు పెట్టకండి, పరీక్ష ఫీజు గడువు వారం మాత్రం సరైన సమయం. మూడు నాలుగు రోజుల ముందే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేసి, ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, సుమారు ఎంతమంది, మైకు ఉందా లేదా రాయండి. "సెక్షన్ 30 అమల్లో ఉంది" అంటే (సభలకి, ఊరేగింపులకి పోలీసు అనుమతి కావాలనే పోలీసు చట్టం సెక్షన్ అది) ఆ ఉత్తర్వు కాపీ మర్యాదగా అడగండి. విజయవాడ వెళ్తే అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్ ఉంది. రోడ్డు ఆపకండి. మనం ఆపే ఆటోలో ఎవరి అమ్మయినా ఆసుపత్రికి వెళ్తుండవచ్చు.

అమ్మాయిల ఇళ్లల్లో టెన్షన్ పోలీసుల గురించే ఉంటుంది. వాళ్ల అమ్మానాన్నలతో ముందే మాట్లాడండి. అరెస్టు చేస్తే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు ప్రవేశపెట్టాలి. ప్రత్యేక పరిస్థితిలో, మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసుకుంటే తప్ప, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు ఆడవాళ్లని అరెస్టు చేయకూడదు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది, నంబరు 15100. ఆ నంబరు పెన్నుతో అరచేతి మీద రాయించండి. ఫోన్ చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు.

యుద్ధం మాట వచ్చినప్పుడు

ఫీజుల గురించి మాట్లాడితే బడ్జెట్ మాట వస్తుంది. బడ్జెట్ అంటే రక్షణ ఖర్చు ప్రశ్న వస్తుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకి సుమారు 6.81 లక్షల కోట్లు, విద్యకి సుమారు 1.28 లక్షల కోట్లు. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి పోస్టర్ వేస్తే అందరూ ఆగి చదువుతారు. కానీ నిజాయితీగా ఇంకో వాక్యం కూడా వేయండి: విద్య మీద రాష్ట్రాలు కూడా ఖర్చు పెడతాయి. ఆ మాట మనం చెప్పకపోతే ఎదుటివాళ్లు చెప్తారు, అప్పుడు మిగతా అంకెలూ ఎవరూ నమ్మరు. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకివ్వాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానంలోనూ అదే మాట ఉంది. మన వాదన దాని మీద నిలబెట్టండి.

మాది మిలిటరీ మాధవరం పక్క ఊరు. అక్కడ తరతరాలుగా ఇంటింటికీ సైన్యంలో పనిచేసినవాళ్లున్నారు. 2025 మేలో సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజుల్లో జూనియర్లు "యుద్ధం వద్దు, చదువు కావాలి" అని సభ పెడతామన్నారు. వద్దనలేదు. ముందు పహల్గాం ఉగ్రదాడిలో చనిపోయిన 26 మందికి దీపాలు పెట్టమన్నాను. వాళ్లలో మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు. తర్వాత సరిహద్దు ఊళ్లలో చనిపోయినవాళ్లకి, సైనికులకి. మొదట మాట్లాడటానికి మా చిన్న తాతయ్యని పిలిచాం. ఆయన 1971 యుద్ధంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. "యుద్ధం ఎలా ఉంటుందో టీవీలో అరిచేవాళ్లకి తెలియదమ్మా. మేం వెళ్లింది పిల్లలు చదువుకుంటారనే" అని రెండు మాటలు చెప్పి కూర్చున్నారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. సైనికుడి కుటుంబాన్ని పక్కన కూర్చోబెట్టుకోకుండా మన ఊళ్లలో యుద్ధం వద్దనే సభ పెట్టకండి. వాళ్ల పిల్లల ఫీజు విడతలు కూడా ఆ నోటుబుక్కులోనే ఉంటాయి.

ఆ నోటుబుక్కు ఇప్పుడు సెకండియర్ చదివే ఒక చెల్లెలి దగ్గర ఉంది. డబ్బు నేరుగా కాలేజీ ఖాతాకి వెళ్లే పద్ధతి వచ్చాక, "చేతి నుంచి ఎంత కట్టారు" అన్న గడి పక్కన "ప్రభుత్వం వేశాక కాలేజీ తిరిగి ఇచ్చిందా" అని కొత్త గడి గీసింది. పోయిన వారం ఫోన్ చేసి, దానికి జిరాక్స్ రసీదులు కూడా అడగాలా అక్కా అంది. అడగమన్నాను.