గుంటూరులో ఉండి ఐరోపా వలస చర్చలపై పరిశోధన చేయడం ఎలా?

"ఐరోపాలో వలసలు, జాతీయ అస్తిత్వం" అన్న అంశంపై నాగార్జున విశ్వవిద్యాలయంలోనో, విజయవాడలోని ఏదైనా కళాశాలలోనో పరిశోధన మొదలుపెట్టదలచినవారు ముందుగా ఆ శీర్షికను బాగా కుదించుకోవాలి. ఐరోపా మొత్తాన్ని ఒకే సిద్ధాంత గ్రంథంలో ఇమిడ్చే ప్రయత్నం చేస్తే చివరికి మిగిలేది పత్రికా వ్యాసాల సంకలనమే. ఒక దేశం, ఒక చట్టం, దానిపై జరిగిన ఒక చర్చ చాలు.

ఫ్రెంచి, జర్మన్ రానివారు బ్రిటన్‌తో మొదలుపెట్టడం మేలు. అక్కడి పార్లమెంటు చర్చల అధికారిక నివేదికైన హాన్సర్డ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది; తేదీని బట్టి, సభ్యుడి పేరును బట్టి వెతుక్కోవచ్చు. 1968 ఫిబ్రవరి చివరి వారంలో కామన్వెల్త్ వలసదారుల బిల్లుపై జరిగిన చర్చ మనవారికి మరింత ఆసక్తికరం. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండి కూడా కెన్యా నుంచి వస్తున్న భారతీయ సంతతివారిని కట్టడి చేయడానికి హోం మంత్రి జేమ్స్ కాలహన్ తెచ్చిన ఆ బిల్లు కొద్ది రోజుల్లోనే ఉభయ సభలూ దాటి మార్చి 1న చట్టమైంది. తామో, తల్లిదండ్రులో, తాతఅవ్వలో బ్రిటన్‌లో పుట్టి ఉండటం వంటి సంబంధం లేనివారికి పాస్‌పోర్టు ఉన్నా ప్రవేశ హక్కు లేకుండా పోయింది. ఈ గీతను సభ్యులు ఏ వాదనలతో సమర్థించారన్నదే మీ పరిశోధన ప్రశ్న కావచ్చు.

చదివేటప్పుడు ఎక్సెల్ షీటులో వక్త, పార్టీ, నియోజకవర్గం, ఓటు, వాదన, వలసదారులను ప్రస్తావించిన తీరు అన్న గడులు పెట్టుకుని, ఒక్కో వాదనకు ఒక్కో వరుస కేటాయించండి. పార్టీని చూసి పక్షాన్ని ఊహించకూడదు: బిల్లు తెచ్చింది లేబర్ ప్రభుత్వం, కెన్యా స్వాతంత్ర్య సమయంలో ఇచ్చిన మాట తప్పుతున్నారంటూ ఎదిరించినవారిలో కన్సర్వేటివ్ నాయకుడు ఇయాన్ మెక్లౌడ్ ఒకరు. ఉపమానాలకు కూడా ఒక గడి ఉండాలి. 1978లో టీవీ ఇంటర్వ్యూలో మార్గరెట్ థాచర్, వేరే సంస్కృతివారితో దేశం ముంపునకు గురవుతుందేమోనని ప్రజలు భయపడుతున్నారన్నారు. బుడమేరు వరద చూసిన విజయవాడవారికి ఆ పోలిక ఎంత పని చేస్తుందో విడమరిచి చెప్పనక్కరలేదు. ముంపు అనగానే వస్తున్న మనుషులు కనుమరుగై, కట్ట వేయడమొక్కటే దారిగా తోస్తుంది.

మీ వర్గీకరణ మీ ఒక్కరి అభిప్రాయంగా మిగలకుండా, కొన్ని ప్రసంగాలను తోటి విద్యార్థికిచ్చి విడిగా వర్గీకరించమనండి; ఇద్దరి ఫలితాలు ఎక్కడ తేడా పడితే అక్కడ మీ నిర్వచనాలు సరిచేసుకోండి. విసుగు పుట్టించే పనే, అయినా మౌఖిక పరీక్షలో మిమ్మల్ని నిలబెట్టేది ఇదే.

నాయకుల మాటలను ప్రజాభిప్రాయంగా చూపడం తరచూ కనిపించే లోపం. ప్రజాభిప్రాయం కావాలంటే 2002 నుంచి సాగుతున్న యూరోపియన్ సోషల్ సర్వే గణాంకాలు ఉచితంగానే దొరుకుతాయి. ఇదే అంశంపై మన దేశంలో ఎవరైనా పని చేశారేమో, భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో ముందే చూసుకోవాలి.

జర్మనీతో పోలిక రెండో దశకు ఉంచండి. రక్తసంబంధమే ఆధారంగా 1913లో రాసిన పౌరసత్వ చట్టాన్ని సవరించి, అక్కడ పుట్టిన విదేశీయుల పిల్లలకు కొన్ని షరతులతో 2000 నుంచి పౌరసత్వం ఇస్తున్నారు. ఆ పార్లమెంటు నివేదికలు జర్మన్‌లో ఉంటాయి కాబట్టి యంత్రానువాదాన్ని వెతకడానికే వాడి, ఉటంకించే ప్రతి వాక్యాన్నీ భాష తెలిసినవారితో సరిచూపించుకోండి.