రాత్రి షిఫ్టు ఉద్యోగులు నిద్రను, రక్తంలో చక్కెరను కాపాడుకోవడం ఎలా

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో రాత్రంతా పనిచేసి తెల్లవారాక క్యాబ్ ఎక్కేవారు నిద్రలేమి అంటే కళ్ల మంట, తలనొప్పి అనే అనుకుంటారు కానీ, అంతకంటే పెద్ద నష్టం రక్తంలో జరుగుతుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను వరుసగా 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. గ్లూకోజు ఎక్కించాక అది రక్తం నుంచి తొలగడం బాగా నెమ్మదించింది, సాయంత్రం వేళ ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరిగింది. నిద్ర తగ్గితే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుందని 2004లో అదే విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. కాబట్టి అర్ధరాత్రి తీపి మీదికి మనసు పోవడాన్ని మనో దౌర్బల్యంగా భావించి బాధపడనక్కరలేదు.

ముందుగా 7 గంటల నిద్రకు చోటు చేయండి. షిఫ్టు దిగి ఇల్లు చేరేలోపు ఎండ కళ్లలో పడితే మెదడు పగలు మొదలైందనుకుంటుంది; అందువల్ల క్యాబులోనే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఇంటికి చేరగానే మందపాటి కర్టెన్లు దించిన గదిలో పడుకోవాలి. గ్యాస్ బండ, కొరియర్ వంటివి మీరు లేచాకే వచ్చేలా ఇంట్లోవారితో మాట్లాడుకోండి. ఏకబిగిన 7 గంటలు కుదరకపోతే, మిగిలినది సాయంత్రం షిఫ్టుకు ముందు పడుకోవచ్చు.

ఇరానీ చాయ్ విషయంలో కచ్చితంగా ఉండాలి. పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్న కెఫీన్ కూడా నిద్రను తగ్గించగలదు గనుక, ఉదయం 8 గంటలకు పడుకునేవారు రాత్రి 2 గంటలకల్లా చివరి కప్పు ముగించాలి. తెల్లవారుజామున హోటల్ ముందు ఆగి తాగే చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నిద్రనూ చక్కెరనూ ఒకేసారి దెబ్బతీస్తాయి.

ప్రధాన భోజనం షిఫ్టుకు ముందే చేయండి. రాత్రివేళ శరీరం చక్కెరను సర్దుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి, అర్ధరాత్రి బిర్యానీ పగటి బిర్యానీకంటే ఎక్కువ భారమవుతుంది. ఆ వేళకు ఉడికించిన గుడ్లు, శనగలు, చిక్కని మజ్జిగ మేలు. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా భోజన వేళలు మార్చకూడదు.

పరీక్షల విషయంలో ఒక చిక్కు ఉంది. పరగడుపు చక్కెర పరీక్షకు కనీసం 8 గంటల ఉపవాసం కావాలి. రాత్రి తిన్నవారు ఉదయమే ల్యాబ్‌కు వెళ్తే ఫలితం తప్పుతుంది. సుమారు 3 నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి పరీక్షకు ఉపవాసం అక్కరలేదు, దానిని ఏ వేళనైనా చేయించుకోవచ్చు.